యానిమల్ హౌసుల్లో పనిచేసేవారి ఆయాసం పని వల్ల వచ్చిందేనని రాసివ్వాలని కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన తూర్పు గోదావరి జిల్లా కలెక్టరు గారికి,
రాజమహేంద్రవరం.

ధవళేశ్వరం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కళాశాలల, మందుల ప్రయోగశాలల యానిమల్ హౌసుల్లో పనిచేస్తున్నవారు, పనిచేసి మానుకున్నవారు నమస్కారాలతో సమర్పించుకుంటున్న వినతి.

విషయం: ప్రయోగశాల జంతువుల దగ్గర పనిచేసేవారికి వస్తున్న ఎలర్జీ, ఉబ్బసం గురించి. గుర్తింపు, వైద్యం, నివారణ, పరిహారం కోరుతూ.

కలెక్టరు గారూ,

మాలాంటి పనివాళ్లు ఇంతకుముందు మీ దగ్గరికి వచ్చి ఉండకపోవచ్చు. అందుకని ముందు మా పనేమిటో చెప్పుకుంటాం. కొత్త మందును మనిషికి ఇచ్చే ముందు తెల్ల ఎలుకలు, చిట్టెలుకలు, గినీ పిగ్‌లు, కుందేళ్ల మీద పరీక్షిస్తారు. వాటిని ఉంచే గదులనే యానిమల్ హౌస్ అంటారు. మందు ఎక్కించేవారు, రక్తం తీసేవారు, ఫలితాలు రాసేవారు చదువుకున్నవారు. కేజీలు (బోన్లు) దులపడం, ట్రేలు కడగడం, మేత వేయడం, నీళ్ల సీసాలు మార్చడం మా పని. మాలో కొందరం రాజమండ్రి చుట్టూ ఉన్న కళాశాలల్లో చేస్తున్నాం. కొందరు హైదరాబాదు వైపు జీనోమ్ వ్యాలీకో, విశాఖ దగ్గర పరవాడకో వెళ్లి చేసి, ఊపిరి చాలక ఇంటికి తిరిగొచ్చారు.

కేజీలో ఎలుకల కింద పరుపుగా చాలాచోట్ల మన మిల్లుల్లో వచ్చే వరి ఊకే వేస్తారు. వారంలో రెండు మూడుసార్లు ఆ ఊక మార్చాలి. తలుపు తీయగానే అమోనియా ఘాటుకు కళ్లు మండుతాయి. ట్రే వంచి పాత ఊకను గోనెసంచిలోకి దులిపితే లేచిన దుమ్ము కిటికీలోంచి పడే ఎండలో తెరలా నిలబడిపోతుంది. ఒక ట్రే అయితే ఫరవాలేదు, వరసగా అన్నీ దులపాలి. తరవాత చీపురు పట్టాలి. చీపురు కింద పడిన దుమ్మును మళ్లీ పైకి లేపుతుంది.

మా ప్రాణం మీదికి వచ్చింది ఆ దుమ్ము వల్లే. ఎలుక మూత్రంలో కొన్ని ప్రోటీన్లుంటాయి. చిట్టెలుక ప్రోటీన్‌కు శాస్త్రవేత్తలు మస్ ఎమ్ 1 అనీ, తెల్ల ఎలుక ప్రోటీన్‌కు రాట్ ఎన్ 1 అనీ పేర్లు పెట్టారు. చిట్టెలుకల్లో ఆడవాటి కంటే మగవాటి మూత్రంలో ఈ ప్రోటీన్ చాలా ఎక్కువ. ఊక తడిగా ఉన్నంతసేపు అది కేజీలోనే ఉంటుంది. ఎండి దుమ్ముకు అంటుకున్నాక గాలిలో తేలుతుంది. ఆ రేణువుల్లో కొన్ని ఎంత సన్నవంటే, పని ముగించి మేం బయటికొచ్చాక కూడా గంటల తరబడి ఆ గదిలో తిరుగుతూనే ఉంటాయి. కుందేలు బొచ్చులో, లాలాజలంలో, గినీ పిగ్ మూత్రంలో కూడా ఇలాంటివే ఉంటాయి. ఇవి విషాలు కావు. కొందరి ఒంటికి పడవు, అంతే. ఎవరికి పడవో పనిలో చేరినరోజున ఎవరికీ తెలియదు. ఏడాదో రెండేళ్లో పీల్చాక ఒళ్లు ఎదురుతిరుగుతుంది. ఎక్కువమందికి మొదటి మూడేళ్లలోనే బయటపడుతుంది.

ఈ కాగితం రాస్తున్న నా సంగతే చెబుతాను. మొదటి ఏడాది తుమ్ములే. రెండో ఏడాది కళ్లు ఎర్రబడి నీరు కారేది, ఎలుక పాకిన చోటల్లా ముంజేతి మీద దద్దుర్లు లేచేవి. మూడో ఏడు వచ్చేసరికి రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చునేవాణ్ణి. ఛాతీలో పిల్లికూతలు, పడుకుంటే ఊపిరాడదు. సంక్రాంతికి నాలుగు రోజులు సెలవిస్తే మూడోనాటికి హాయిగా నిద్రపట్టేది. పండగ అయ్యాక పనిలోకి వెళ్లిన సాయంత్రానికి మళ్లీ మొదలు. ఈ తేడా మా ఇంటిదానికి తెలిసింది. "మీకు పడనిది ఇంట్లో లేదండీ, అక్కడే ఉంది" అని మొదట అన్నది ఆవిడే.

ఆసుపత్రులకు తిరిగాను. చలి అన్నారు, వయసు అన్నారు. ఊళ్లోవాళ్లు ఆనకట్ట మీది గోదారి గాలి పడలేదన్నారు. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి వరసలో నిలబడి చేపమందు కూడా మింగి వచ్చాను. ఎవరినీ తప్పుపట్టడం లేదు, అందరూ నా మంచి కోరి చెప్పినవాళ్లే. కానీ ఇన్నేళ్లలో ఇన్ని చీటీల మీద ఇంతమంది రాసినా, "నువ్వేం పని చేస్తావు?" అని అడిగినవారు లేరు. చీటీలో పేరుంది, వయసుంది, ఊరుంది. పని లేదు. ఇటలీలో బెర్నార్డినో రమజ్జినీ అనే వైద్యుడు 1700లోనే పనివారి రోగాల మీద పుస్తకం రాసి, రోగిని అడిగే ప్రశ్నలకు "నీ వృత్తి ఏమిటి" అన్నదాన్ని కూడా చేర్చమని తోటి వైద్యులను కోరాడు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ ప్రశ్న మా దాకా రాలేదు.

అందుకే అన్నిటికంటే ముందు మేం అడిగేది ఒక్క మాట రాయించమని. జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఆయాసంతో, తుమ్ములతో, దద్దుర్లతో వచ్చినవారి ఓపీ చీటీ మీద ఏం పని చేస్తారు, ఎన్నాళ్లుగా చేస్తున్నారు, సెలవురోజుల్లో తగ్గుతోందా అన్న మూడు సంగతులు రాసేలా ఆదేశించండి. దీనికి డబ్బు ఖర్చు లేదు. మిగతా కోరికలన్నీ దీనిమీదే ఆధారపడి ఉన్నాయి. చీటీలో పని రాసి లేకపోతే రేపు కార్మిక శాఖ దగ్గర మా జబ్బు మా పనిదే అని చూపించుకోవడానికి మా చేతిలో ఏమీ ఉండదు.

చట్టంలో చోటు లేకపోలేదు. ఉద్యోగుల పరిహార చట్టం 1923 మూడో షెడ్యూలు బి భాగంలో, పనిలో భాగమైన ఎలర్జీ కారకాల వల్ల వచ్చే ఉబ్బసాన్ని వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చారు. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ మూడో షెడ్యూలులోనూ వృత్తి వ్యాధుల జాబితా ఉంది. అయితే బి భాగంలోని జబ్బుకు పరిహారం రావాలంటే ఆ యజమాని దగ్గర కనీసం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసి ఉండాలి. మాలో చాలామందికి ఇక్కడే దెబ్బ తగులుతోంది. కాంట్రాక్టరు పేరు మారుతుంది, మధ్యలో పది రోజులు ఆపుతారు, మళ్లీ కొత్తగా చేర్చుకున్నట్టు రాస్తారు. తెల్లారి లేచి వెళ్లేది అదే గదికి, తోమేది అవే కేజీలు. కాగితం మీద మాత్రం ఆరు నెలలు ఎప్పటికీ నిండవు. జంతువుల దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ పనిచేసే చోటు, పని పేరు, చేరిన తేదీ ఉన్న నియామక పత్రం ఇప్పించండి. కాంట్రాక్టరు మారినా ఆ గదిలో పనిచేసిన కాలమంతా ఒకటే సర్వీసుగా లెక్కించేలా కార్మిక శాఖకు చెప్పండి. నెలకు 21 వేల లోపు జీతగాళ్లలో ఈఎస్‌ఐ వర్తించే ప్రతి ఒక్కరికీ కార్డు అందిందో లేదో చూడమని కోరుతున్నాం.

ఇంకొక చిక్కు ఉంది. చట్టం "గుర్తింపు పొందిన ఎలర్జీ కారకాలు" అంటుంది. ఎలుక మూత్రం, బొచ్చు ఆ లెక్కలోకి వస్తాయా అని రేపు ఎవరైనా అడగొచ్చు. బ్రిటన్‌లో 1982లో వృత్తి ఉబ్బసాన్ని పరిహారం ఇచ్చే జబ్బుగా చేర్చినప్పుడే పరిశోధన కోసం వాడే జంతువులను, పురుగులను కారకాల జాబితాలో పేరుపెట్టి రాశారు. అమెరికాలో పనివారి ఆరోగ్యం చూసే నయోష్ అనే ప్రభుత్వ సంస్థ 1998లో జంతువుల దగ్గర పనిచేసేవారి ఉబ్బసం మీదే ప్రత్యేకంగా హెచ్చరిక విడుదల చేసింది. ఈ పని చేసేవారిలో సుమారు మూడో వంతు మందికి ఎలర్జీ లక్షణాలు, సుమారు పదిమందిలో ఒకరికి ఉబ్బసం లక్షణాలు ఉన్నాయని అందులో చెప్పింది. కాబట్టి ఇది మేం కల్పించిన సంగతి కాదు, కొత్తదీ కాదు. ప్రయోగశాల జంతువుల మూత్రం, బొచ్చు, చర్మపు పొట్టు ఈ షెడ్యూలు కిందికి వస్తాయని స్పష్టంగా ఒక ఉత్తర్వు ఇవ్వమని రాష్ట్ర కార్మిక శాఖకు మీరు సిఫారసు చేయాలి.

ఇక వైద్యం. రాజమహేంద్రవరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి 2023లో వైద్య కళాశాల వచ్చింది. అక్కడి ఊపిరితిత్తుల విభాగంలో వారానికి ఒక పూట పనివల్ల వచ్చే శ్వాస జబ్బులకు కేటాయించమని కోరుతున్నాం. ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష ఒకసారి చేసి "నార్మల్" అని పంపేస్తే మాకు లాభం లేదు. పరీక్షకు సెలవు పెట్టి వచ్చిన రోజున మా ఊపిరి బాగానే ఉంటుంది! మా చేతికి పీక్ ఫ్లో మీటరు ఇచ్చి రోజుకు కనీసం నాలుగుసార్లు, పనిరోజుల్లోనూ సెలవురోజుల్లోనూ, రెండు నుంచి నాలుగు వారాలపాటు ఊది అంకెలు రాసుకోమనాలి. పని ఉన్న రోజున గీత పడిపోయి సెలవు రోజున లేస్తే, డాక్టరుకు అంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు. ఆ మీటరు ప్లాస్టిక్ గొట్టమంత చిన్నది, ఖరీదైనదీ కాదు. ధవళేశ్వరంలోనే అవి దొరికేలా చూస్తే కూలి పోగొట్టుకుని పట్నం తిరగనక్కర్లేదు. చర్మం మీద చుక్కలు వేసి చేసే ఎలర్జీ పరీక్షలో దుమ్ము, పుప్పొడి, బొద్దింకలతోపాటు చిట్టెలుక, తెల్ల ఎలుక, కుందేలు, గినీ పిగ్ ద్రావకాలు కూడా ఉండాలి.

కొత్తగా చేరేవారికి చేరకముందు ఒకసారి, తరవాత మొదటి మూడేళ్లు ఆరునెలలకోసారి పరీక్ష జరగాలి. తుమ్ముల దశలోనే పట్టుకుని ఆ గదినుంచి తప్పిస్తే చాలామందికి జబ్బు ఉబ్బసం దాకా రాదు. ఉబ్బసం ముదిరాక పని మానేసినా అందరికీ పోదు. నాకు పోలేదు.

ఈ పరీక్షల గురించి మాలో భయం ఉంది. దాన్ని దాచకుండా చెబుతున్నాం. దద్దుర్లున్నాయని చెప్పిన మర్నాడు "రేపటినుంచి రావద్దు" అన్న అనుభవం మాలో కొందరికి ఉంది. అందుకే స్లీవులు కిందికి దించుకుని, మందులషాపులో సిట్రిజిన్ కొనుక్కుని నోరు మూసుకుని పనిచేశాం. పరీక్షలో ఎలర్జీ తేలినవారిని పనిలోంచి తీసెయ్యడానికి వీల్లేదని, అదే సంస్థలో అదే జీతంతో జంతువులు లేని పనికి మార్చాలని ఉత్తర్వులో రాయాలి. అలాగే చిన్నప్పటినుంచి ఆయాసం ఉందనో, ఇంట్లో ఎవరికో ఎలర్జీ ఉందనో కొత్తవారిని చేర్చుకోకుండా ఆపకూడదు. ముప్పు గురించి తెలిసే భాషలో చెప్పాలి, నిర్ణయం వారికి వదలాలి. ఈ ఒక్క హామీ లేకపోతే ఎన్ని యంత్రాలు కొన్నా మాలో ఎవరూ పరీక్షకు రాం. ఇది బెదిరింపు కాదు. ఇంట్లో పిల్లలున్నవాళ్ల లెక్క ఇంతే.

నివారణ గురించి మాకు తెలిసినంత ఎవరికీ తెలియదని ధైర్యంగా చెప్పగలం. జంతువుల మీద ప్రయోగాల నియంత్రణకు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రంలో ఒక కమిటీ ఉంది, 1998 నుంచి నియమాలున్నాయి. ఆ కమిటీ మార్గదర్శకాల ప్రకారం జంతువుల గదిలో గాలి గంటకు 12 నుంచి 15 సార్లు పూర్తిగా మారాలి, వేడి 18 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి. గాలి నిజంగా అన్నిసార్లు మారితే మాకూ సగం బాధ తీరుతుంది. కొన్నిచోట్ల ఎగ్జాస్ట్ ఫ్యాను తనిఖీ రోజునే తిరుగుతుంది. మరికొన్నిచోట్ల ఏసీ పెట్టారు గానీ అది ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మా మొహాన కొడుతుంది. మన రాజమండ్రి ఎండల్లో కిటికీలు మూసి ఏసీ వేస్తే గది చల్లగానే ఉంటుంది, దుమ్ము మాత్రం ఎక్కడికీ పోదు. గాలి ఎన్నిసార్లు మారుతోందో పరికరంతో కొలిచి గోడమీద రాసిపెట్టమనండి.

అవే మార్గదర్శకాల్లో పనివారి దుస్తులు సంస్థే ఇవ్వాలి, సంస్థే ఉతికించాలి అని ఉంది. మేం వాటిని సైకిలు మీద ఇంటికి తెచ్చుకుని పిల్లల బట్టలతో కలిపి ఉతికిస్తున్నాం. నెదర్లాండ్స్‌లో ప్రయోగశాల పనివారి ఇళ్లల్లో పరుపుల దుమ్ము పరీక్షిస్తే చిట్టెలుక ఎలర్జీ కారకం అందులో కనిపించింది. ఆ సంగతి విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా పక్కలో పడుకునే మనవడికీ తుమ్ములున్నాయి. అవి నా వల్లే అని చెప్పలేను, కాదని చెప్పే ధైర్యమూ లేదు. పనిచేసే ప్రతిచోటా స్నానాల గది, మార్చుకోవడానికి వేరే దుస్తులు, చెప్పులు, తలకు టోపీ ఉండాలి. అక్కడ వేసుకున్న గుడ్డ అక్కడే ఉండిపోవాలి.

ఊక దులపడానికి గాలి లోపలికి పీల్చుకునే డంపింగ్ బల్లలుంటాయి. వాటిని పెద్ద సంస్థల్లో వాడుతున్నారు, చిన్న సంస్థలు కొనలేకపోతే కనీసం ఊకను కొద్దిగా తడిపి, సంచిలోకి నెమ్మదిగా వంచే ఏర్పాటైనా చేయాలి. చీపురు పూర్తిగా మానేసి తడిగుడ్డతో తుడిపించాలి. దుమ్ము తక్కువ రేగే పరుపు వాడాలి. ఫిల్టరు మూతల కేజీలు తెప్పించాలి. ప్రయోగానికి మగ జంతువులే కావాలని లేనిచోట ఆడవాటిని పెంచినా తేడా ఉంటుంది. మాస్కుల విషయం: ఇప్పుడు ఇచ్చే నీలిరంగు సర్జికల్ మాస్కు ఈ దుమ్మును ఆపదు. ఎన్‌95 కావాలి, అదీ ముఖానికి సందు లేకుండా అతికేలా ఎవరికి ఏ సైజో చూసి ఇవ్వాలి. కానీ మాస్కు ఇచ్చేశాం కదా అని మిగతావన్నీ వదిలేయవద్దని మరీ మరీ కోరుతున్నాం. మే నెలలో ఎన్‌95 పెట్టుకుని ఎనిమిది గంటలు కేజీలు మోయగలిగిన మనిషి ఉండడు.

ఎలుక కరిస్తే కొందరికి నిమిషాల్లో ఒళ్లంతా ఉబ్బి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివి వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ప్రతి యానిమల్ హౌస్‌లో అడ్రినలిన్ ఇంజెక్షను, అది వేయడం తెలిసిన మనిషి ఉండాలి.

ప్రతి సంస్థలో జంతు ప్రయోగాలకు అనుమతించే నైతిక కమిటీ ఒకటుంది. అందులో శాస్త్రవేత్తలు, పశువైద్యుడు, బయటి వ్యక్తి, కేంద్ర కమిటీ ప్రతినిధి ఉంటారు. గూళ్లు చూసుకునేవారికి అందులో చోటు లేదు. ఆ కమిటీ సమావేశమైనప్పుడు పనివారి ప్రతినిధి ఒకరిని పిలిచి వినాలని, పనివారి ఆరోగ్యం నివేదికలో ఒక పేజీ ఉండాలని కేంద్ర కమిటీకి మీ ద్వారా రాయించండి. బి.ఫార్మసీ ప్రాక్టికల్స్ చాలావరకు కంప్యూటరు మీదికి మారాక కళాశాలల్లో జంతువులు తగ్గాయి. ఆ మూగజీవాలకు మంచిదే, మాకూ సంతోషమే. అయితే జంతువులతోపాటు మనుషులనూ తగ్గించి ఇద్దరి పని ఒకరికి వేశారు, గదుల మరమ్మతు ఆపేశారు. యానిమల్ హౌస్ చిన్నదైపోయిందని దాన్ని తనిఖీ లెక్కలోంచి తీసేయవద్దు.

మాకు ఆ పని మీద కోపం లేదని కూడా చెప్పాలి. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు 1927లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నది పిల్లి కండరంలో. ఆయన పేరు విన్నప్పుడల్లా ఆ పిల్లులకు పాలు పోసింది, ఆ గది తుడిచింది ఎవరో అనిపిస్తుంది. మా ఇళ్లల్లో పిల్లలు మింగే జ్వరం బిళ్ల కూడా ఇలాంటి గదుల్లోంచే వచ్చిందని తెలుసు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగశాల జంతువుల సంరక్షణలో శిక్షణ ఇస్తూ వచ్చింది. జిల్లా నుంచి ఏటా కొందరిని అలాంటి శిక్షణకు పంపితే, దుమ్ము రేపకుండా పనిచేయడం నేర్చుకుని వచ్చి మిగతావాళ్లకు మేమే నేర్పగలం.

ఇప్పటికే పని మానుకుని ఇన్‌హేలరు మీద బతుకుతున్నవారి కేసులను పాత తేదీల కారణంగా తోసిపుచ్చకుండా కార్మిక శాఖ విచారించాలి. పని చేసినట్టు కాగితం లేనిచోట తోటి పనివాళ్ల సాక్ష్యాన్ని, హాజరు పుస్తకాన్ని, బ్యాంకు పాసుపుస్తకాన్ని ఆధారంగా తీసుకోవాలి. జిల్లాలో యానిమల్ హౌస్ ఉన్న సంస్థలన్నిటినీ గుర్తించి, ఒక్కొక్కచోట ఎంతమంది పనిచేస్తున్నారో, ఎంతమందికి లక్షణాలున్నాయో కార్మిక, ఆరోగ్య శాఖలు కలిసి మూడు నెలల్లో సర్వే చేసి మీకు నివేదించేలా ఆదేశించండి. సర్వేకు వచ్చినవారు యజమాని ఎదుట కాకుండా మాతో విడిగా మాట్లాడాలి.

మా ఓపీ చీటీల నకళ్లు, ఎవరు ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో రాసిన జాబితా దీనికి జతచేశాం. చీటీల మీద ఖాళీగా ఉన్నచోట మా పనేమిటో ఎర్రసిరాతో మేమే రాసుకున్నాం. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ అర్జీని ఒక్క ఆరోగ్య శాఖ పేరుతోనే నమోదు చేస్తే, మందులిచ్చాం అని రాసి మూసేస్తారని మా భయం. దయచేసి కార్మిక శాఖ పేరు కూడా వేసి, రెండు శాఖల నంబర్లతో రసీదు ఇప్పించగలరు.

ఇట్లు,
యానిమల్ హౌసుల్లో పనిచేస్తున్న, పనిచేసిన కార్మికులం,
ధవళేశ్వరం, పరిసర గ్రామాలు.
(సంతకాలు, వేలిముద్రలు జతచేసిన కాగితాల మీద)